పికప్పు బండికి బ్రేకు ప్యాడ్లు, డిస్కులు ఎన్నుకొను విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)

  

రజతోత్సవ సభలలో కవిత్వమును గూర్చియో, పురాణమును గూర్చియో మాటలాడుట పరిపాటి. కార్యదర్శిగారు నన్ను బ్రేకులను గూర్చి చెప్పుమని కోరినపుడు నాకు కొంత వింతగా తోచినది. కాని ఈ గ్రంథాలయమునకు వచ్చు చందాదారులలో ఎందరి ఇంటిముందు నాలుగు చక్రముల సరకు బండి నిలిచియున్నదో లెక్కించి చూచిన పిమ్మట, ఆ కోరిక సమంజసమే అనిపించినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు పల్లెపల్లెకు పుస్తకము చేరవలెనని పాటుపడిరి. బండితోపాటు కంపెనీవారు ఇచ్చు చిన్న పుస్తకము కూడ పుస్తకమే గదా! దానిని సీటుక్రింద పడవేసి, ప్లాస్టికు సంచియైన విప్పకుండ బండిని అమ్మివేయువారిని నేను పెక్కుమందిని చూచితిని. నేను చెప్పబోవు దానిలో సగము ఆ పుస్తకములోనే ఉన్నది. తక్కిన సగము ఆటోనగరులో రెంచి పట్టి నేర్చుకొన్నది.

మన ఇబ్రహీంపట్నము ఎట్టి చోట ఉన్నదో మీకు నేను చెప్పనక్కరలేదు. పూనా నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నమునకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి మన ఊరిమీదుగా పోవును. పెద్దలు దీనిని ఇప్పటికిని తొమ్మిదవ నంబరు రోడ్డనియే అందురు. ఎక్కడో ఉత్తరాఖండములోని సితార్‌గంజ్ కడ బయలుదేరిన 30వ నంబరు రహదారి జగదల్‌పూరు, భద్రాచలము దాటి వచ్చి మన ఊరికడనే ముగియును. 1979లో మొదటి యూనిటు నడిచిన థర్మల్ కేంద్రమునుండి బూడిద లారీలు, కొండపల్లి పారిశ్రామిక వాడనుండి ట్యాంకర్లు, మైలవరము, తిరువూరు వైపునుండి వేసవిలో మామిడికాయల బండ్లు, ఇవన్నియు మన కూడలిలో ఒకదాని కొకటి ఎదురుపడును. ఆ నడుమ సైకిలుమీద బడికిపోవు పిల్లవాడు రోడ్డు దాటును. కావున ఈ ఊరిలో బ్రేకు అనునది బండి యజమాని సొంత వ్యవహారము మాత్రమే కాదు.

మొదట బ్రేకు చేయు పని ఏమో తెలిసికొందము. బ్రేకు బండిని ఆపును అని అందరును అందురు. నిజమునకు అది చేయునది బండి వేగమును వేడిగా మార్చుట. బండియు సరకును కలిపి 3 టన్నులు తూగు పికప్పు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొనుడు. దానిని ఒక్కమారు పూర్తిగ ఆపినచో పుట్టు వేడి సుమారు 4 లక్షల 17 వేల జౌళ్లు. మంచువలె చల్లనైన లీటరు నీటిని తెర్లకాగు స్థితికి తెచ్చుటకు ఇంచుమించుగా అంత వేడియే కావలెను. వేగము 80కి పెరిగినచో ఆ వేడి 7 లక్షల 40 వేలకు పోవును. వేగము మూడవవంతు పెరుగగా వేడి ముప్పాతిక వంతుకు మించి పెరిగినది, చూడుడు. ఇక సరకు రెట్టింపు వేయుదురా, లెక్క మీరే కట్టుకొనవచ్చును.

ఆ వేడి ఎక్కడికి పోవును? మన పికప్పులలో సాధారణముగా ముందు చక్రములకు డిస్కు బ్రేకులును, వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులును ఉండును. ఆపునపుడు బరువు ముందునకు తూగును గనుక శ్రమలో పెద్దపాలు ముందు డిస్కులదే. ఒక్కొక్క డిస్కు 8 కిలోల ఇనుము అనుకొని, వేడిలో నూటికి డెబ్బదిపాళ్లు ఆ రెండింటికే చేరునని లెక్కించితిమా, ఒక్క ఆపుటతో వాని వేడిమి సుమారు 40 డిగ్రీలు పెరుగును. చల్లారుటకు ఎడము ఈయకుండ ఆరేడుమార్లు గట్టిగా త్రొక్కినచో ఏమగునో ఊహించుడు. డిస్కు అరిగి పలుచబడిన కొలది ఆ వేడిని దాచుకొను ఇనుము తగ్గును. ప్రతి డిస్కునకు ఇంతకన్న పలుచబడరాదని ఒక హద్దు ఏర్పరచుటకు ముఖ్యకారణము ఇదియే. ఇది కంపెనీవారు కొత్త డిస్కు అమ్ముకొనుటకు పన్నిన ఉపాయమని కొందరు మెకానిక్కులు చెప్పుట నేను విన్నాను. ఆ మాట నమ్మవలదు.

ఈ డిస్కు బ్రేకు నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హాము నగరమున ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను ఇంజనీరు 1902లోనే దీనికి పేటెంటు పొందెను. ఆయన రాగి ప్యాడ్లు వేయగా అవి భరింపరాని కూత పెట్టినవట. ఇనుముమీద లోహము రుద్దిన కూయక మానునా! అంతకు ముందే 1897లో హెర్బర్ట్ ఫ్రూడ్ అను నాతడు కొండదారులలో గుఱ్ఱపుబండ్ల చెక్కబ్రేకులు అరిగిపోవుట చూచి, వానికి తొడుగు చేయు వ్యాపారము ప్రారంభించెను. ఫెరోడో అను పేరు ఆయన ఇంటిపేరులోని అక్షరములనుండి పుట్టినదే. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెములో డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలిచిన పిమ్మట లోకమంతయు వానివైపు మరలినది. మన దేశమున మద్రాసులో బ్రేక్స్ ఇండియా సంస్థ 1962లో నెలకొన్నది. మన విజయవాడ ఆటోనగరు 1966 నాటిది. ఆటోనగరులో నేడు దొరకని బ్రేకు సామాను లేదు. చిక్కు అంతయు అక్కడనే ఉన్నది: దొరకనిది లేదు గనుక ఏది కొనవలెనో తెలియదు.

ప్యాడు అనగా ఉక్కు పలకమీద అతికించిన రాపిడి పదార్థము. ఆ పదార్థమును బట్టి అంగడివారు మూడు రకములు చెప్పుదురు. నార, జిగురు, రబ్బరు, ఖనిజముల పొడి మొదలగునవి కలిపిన సేంద్రియ రకము మెత్తగా పట్టును, చప్పుడు చేయదు, డిస్కును అంతగా అరగదీయదు. కాని అధికమైన వేడికి లోబడును. ఉక్కునార, ఇనుపపొడి హెచ్చుగా కలిపిన సెమీ మెటాలిక్ రకము వేడిని తట్టుకొనును. చల్లగా ఉన్నపుడు కొంచెము మొరటుగా ఉండును, అప్పుడప్పుడు కూయును, డిస్కును కొంత హెచ్చుగా తినును. సిరామిక్ అను మూడవది ఖరీదైనది. చక్రములకు నల్లని మసి అంటకుండ, చప్పుడు లేకుండ ఉండవలెనను కారు యజమానులకు అది బాగుండును. మామిడిపండ్లు, సిమెంటు బస్తాలు మోయు బండికి మీరేమి వాడుదురని నన్నడిగినచో, బండి తయారుచేసినవారు మొదట ఏ రకము వేసిరో ఆ రకమే అని చెప్పుదును. నిండు బరువుతో ఘాటు రోడ్లు ఎక్కిదిగు వారికి మాత్రము మంచి సెమీ మెటాలిక్ తగును.

రకముకన్న ముఖ్యమైనది ఒకటి కలదు. అనేక ప్యాడ్ల వెనుకనో, అంచుననో ముద్రించిన అక్షరముల నడుమ రెండు ఇంగ్లీషు అక్షరములు జంటగా ఉండును: ఇఇ, ఎఫ్ఎఫ్, జిజి అని. మొదటి అక్షరము మామూలు వేడిలో ప్యాడునకు గల పట్టును, రెండవది బాగుగ వేడెక్కినపుడు మిగులు పట్టును చెప్పును. 'ఇ' అనగా రాపిడి గుణకము 0.25 మొదలు 0.35 వరకు, 'ఎఫ్' అనగా 0.45 వరకు, 'జి' అనగా 0.55 వరకు. మొదటి అక్షరము ఎఫ్ ఉండి రెండవది ఇ ఉన్నచో, ఆ ప్యాడు అంగడి ముందట బాగుగనే పట్టి ఎండలో నిండు బరువుతో దిగునపుడు జారిపోవు స్వభావము కలది. రెండక్షరములును ఎఫ్ ఉన్న ప్యాడు మన పనికి చాలును. జిజి అయినచో మరింత మంచిది గదా అని కుఱ్ఱవారు అడుగుదురు. పట్టు మరీ హెచ్చైనను ముందు చక్రములు తొందరపడి బిగిసి, వర్షములో బండి జారును. ముందు వెనుకల బ్రేకులకు కంపెనీవారు కుదిర్చిన పొత్తును మనము చెరుపరాదు. ఈ అక్షరములు ప్యాడు ఎంతకాలము మన్నునో చెప్పవు, అది వేరు సంగతి. ఏ అక్షరమును, ఏ పేరును లేని ప్యాడును మాత్రము ఎంత చవుకకు వచ్చినను ముట్టవలదు.

పెట్టెమీద 'ఆస్‌బెస్టాస్ లేనిది' అను మాట ఉన్నదా యని కూడ చూడుడు. ఆస్‌బెస్టాస్ అనగా రాతినార. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరిన ఏండ్లకు, పదులకొలది ఏండ్లకు, కాన్సరు మొలకెత్తవచ్చును. దాని ఫలితమును అనుభవించునది యజమాని కాదు, గ్యారేజీలో నేలమీద కూర్చుండి డ్రమ్ములోని మసిని నోటితో ఉఫ్‌మని ఊదు పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు. ఏ ప్యాడైనను సరే, ఆ మసిని ఊదరాదు, గాలిగొట్టముతో కొట్టరాదు, తడిగుడ్డతో తుడువవలెను. ఈ ఒక్కమాట మీ మెకానిక్కుతో చెప్పుడు.

నకిలీ సామాను విషయమున నాకు తెలిసిన రక్ష రెండు మాటలలో చెప్పెదను. బిల్లు ఇచ్చు దుకాణములో కొనుడు. బండి మోడలు పేరు చెప్పి ఊరకుండక ఛాసిస్ నంబరు చూపి కొనుడు. ఒకే పేరు గల బండికి ఏడాది మారిన బ్రేకులు మారుట కద్దు. పాత ప్యాడును చేత పట్టుకొనిపోయి కొత్తదాని ఉక్కుపలకను దానిపై నుంచి సరిచూచుట మంచి అలవాటు. అతుకు దగ్గర సందు, అంచు పగులు, పలక వంకర కనబడినచో అక్కడనే తిరిగి ఇచ్చివేయుడు.

ఇక డిస్కు. ప్యాడ్లు మార్చినపుడెల్ల డిస్కులు మార్చవలెనా? అక్కరలేదు. మార్చనే వలదా? అదియు తప్పే. కొలిచి చెప్పవలసిన మాట ఇది, చూచి చెప్పునది కాదు. డిస్కు అంచుననో, గిన్నెవంటి నడిమి భాగముననో 'మిన్' అను గుర్తుతో ఒక అంకె పోతపోసి ఉండును. అది కనీసపు మందము. కొత్తది 22 మిల్లీమీటర్లు, హద్దు 20 అని ఉన్నదనుకొందము. వెర్నియరుతో పట్టి 20.8 వచ్చినది, ఇంకను పనికివచ్చునని సంతోషించు మెకానిక్కును తొందరపడవద్దనుడు. డిస్కు వెలుపలి అంచున ప్యాడు తగులని చోట అరగని గట్టు ఒకటి మిగిలియుండును. వెర్నియరు దవడలు ఆ గట్టునే పట్టుకొనును గాని లోపలి పల్లమును పట్టుకొనవు. మైక్రోమీటరుతో అంచునకు ఒక సెంటీమీటరు లోపల, చుట్టును ఎనిమిది చోట్ల కొలువవలెను. వానిలో అతితక్కువ వచ్చిన అంకెయే ఆ డిస్కు మందము. ఎనిమిది అంకెలలో పెద్దదానికిని చిన్నదానికిని తేడా మిల్లీమీటరులో నూరవవంతు రెండింటికి మించినచో, పెడలు పాదముక్రింద కొట్టుకొనును. దానినే మనవారు 'డిస్కు బెండు వచ్చినది' అందురు. చాలమారు వచ్చినది బెండు కాదు, మందములో తేడా, లేదా ప్యాడు పదార్థము అక్కడక్కడ అంటుకొని గట్టిపడిన మచ్చ.

లేతుపై డిస్కును చదును చేయించుట ఆటోనగరులో సుళువైన పని. చేయించిన తరువాత మిగులు మందము హద్దుకు దిగువకు పోవునట్లున్నచో చేయింపకుడు. హద్దుకు కొద్దిపాటి పైన నిలిచినను, నిండు బరువు మోయు బండికి నేను చేయింపను, కొత్తది వేయుదును. నీలిమచ్చలు పడిన డిస్కు అతిగా వేడెక్కిన గుర్తు. పైపైన సన్నని వెంట్రుక గీతలున్నచో భయము లేదు. ఆ గీత అంచుదాక పోయి గోటికి తగులునట్లుండినచో ఆ డిస్కు ఇనుపసామాను బండివానిదే. మార్చునపుడు ఒక ఇరుసుకు రెండు ప్రక్కలను మార్చవలెను, ప్యాడ్లైనను డిస్కులైనను. ఒక ప్రక్క కొత్తది, ఒక ప్రక్క పాతది అయినచో బ్రేకు త్రొక్కినపుడు బండి ఒకవైపు లాగును.

రంధ్రములు తొలిచిన డిస్కులు, గాడులు తీసిన డిస్కులు నేడు అంగళ్లలో అద్దముల వెనుక మెరయుచున్నవి. చూచుటకు ముచ్చటగనే ఉండును. రంధ్రము తొలిచిన చోట ఇనుము పోయినది గదా, వేడి దాచుకొనుటకు ఇనుమే కదా కావలెను! పైగా బరువు బండ్లలో పగుళ్లు ఆ రంధ్రములకడనే మొదలగును. రెండు పలకల నడుమ గాలి ఆడునట్లు రెక్కలు పోసిన డిస్కు మీ బండికి ఉన్నచో, చవుకగా వచ్చినదని గట్టి ఒంటిపలక డిస్కు ఎన్నడును వేయింపకుడు.

కొత్త సామాను కొనుటకు ముందు పాత ప్యాడ్లను ఒకమారు చదువుడు. అవియు పుస్తకమువంటివే. లోపలి ప్యాడు పూర్తిగ అరిగి వెలుపలిది సగమే అరిగినదా? అయినచో తప్పు ప్యాడులో లేదు, కాలిపరు జారు పిన్నులు తుప్పుపట్టి బిగిసినవి. ఒక చివర పలుచగను ఇంకొక చివర మందముగను అరిగినదా? అక్కడను కాలిపరు వంకరగా పట్టుచున్నదన్న మాట. ఎంత ఖరీదైన ప్యాడు వేసినను అదే గతి పట్టును. పిన్నులను శుభ్రపరచి, రబ్బరును పాడుచేయని సిలికాను గ్రీజు వేయవలెను. బేరింగు గ్రీజు వేసినచో రబ్బరు తొడుగు ఉబ్బి మరల బిగియును. ప్యాడు పదార్థము 3 మిల్లీమీటర్లకు దిగినపుడు మార్చుట మేలు. కొన్నింటికి చిన్న రేకుముక్క ఉండును. అరుగుదల హద్దుకు వచ్చినపుడు అది డిస్కునకు తగిలి కీచుమనును. ఆ కీచుమను సద్దు విని రేడియో శబ్దము పెంచువారు కలరు.

మన ప్రాంతమున తరచుగా కనబడు ఒక పని గూర్చి విపులముగా చెప్పవలసియున్నది. బరువు హెచ్చుగా వేయుటకై వెనుక కమానుకట్టకు అదనముగా ఒకటి రెండు పట్టీలు చేర్పింతురు. అనేక పికప్పులలో వెనుక ఇరుసుపై ఒక కవాటము ఉండును. వెనుకభాగము ఎంత క్రుంగినదో దానినిబట్టి అది బరువును ఊహించి, వెనుక బ్రేకులకు అంత పాలు పంచును. బండి ఖాళీగా ఉన్నపుడు వెనుక చక్రములు బిగిసిపోకుండుటకు ఈ ఏర్పాటు. అదనపు పట్టీలు వేసినపుడు రెండు టన్నులు వేసినను బండి క్రుంగదు. పాపము, ఆ కవాటము బండి ఖాళీగా ఉన్నదనియే భ్రమపడి వెనుక బ్రేకులకు తక్కువ పంచును. భారమంతయు ముందు ప్యాడ్లమీద పడి, అవి ఆరునెలలకే అరిగిపోవును. యజమాని ప్యాడు కంపెనీని తిట్టును. ఆరునెలలకొకమారు ముందు ప్యాడ్లు మార్చు బండి నా వద్దకు వచ్చినచో నేను మొదట చూచునది ప్యాడ్లను కాదు, వెనుక కమానును. పట్టీలు చేర్చితీరవలెనన్నచో ఆ కవాటమును తెలిసినవానిచేత సరిచేయింపవలెను. వెనుక డ్రమ్ములలోని షూలు వదులైనచో అదే తంతు. పెడలు లోతుకు దిగును, భారము ముందునకు పోవును.

మిరపకోతకు, పత్తితీతకు కూలీలను, పెండ్లికి బంధువులను ఈ బండ్ల వెనుక నిలబెట్టి తీసికొనిపోవుట మనమందరము చూచుచున్నదే. సరకు బండిలో మనుష్యులను ఎక్కించుట చట్టమునకు విరుద్ధము. బస్తాలు కట్టి ఉంచిన బరువు కదలదు. నిలబడిన ఇరువదిమంది బరువు గట్టిగా బ్రేకు వేసిన క్షణమున ఒక్కసారిగా ముందునకు ఒరుగును. ఈ బండిలోని బ్రేకును ఏ ఇంజనీరును అట్టి బరువును తలచి నిర్మింపలేదు.

2024 సెప్టెంబరు మొదటి తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగరు మొదలగు పేటలు రోజులతరబడి నీటిలో నున్న సంగతి మీకు జ్ఞాపకమే. అట్లు నీట నిలిచిన బండ్లను తరువాత చవుకగా కొన్నవారు మన చుట్టుపట్ల ఉండవచ్చును. డిస్కుపైని లేత తుప్పు నాలుగు బ్రేకులతో పోవును. గుంటలు పడిన తుప్పు పోదు. డ్రమ్ములలో ఒండ్రు చేరియుండును, చక్రపు బేరింగులలోని గ్రీజు చెడియుండును. అన్నింటికన్న మోసకారి బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమనే పీల్చుకొను స్వభావము కలది, ఇక వరదనీరు చెప్పవలెనా? డాట్ 3 అను రకము కొత్తగా ఉన్నపుడు 205 డిగ్రీలవరకు మరుగదు. నీరు చేరిన పిమ్మట 140కే మరుగవచ్చును. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. మరిగినపుడు గొట్టములో ఆవిరిబుడగ పుట్టును. ద్రవము నలుగదు, ఆవిరి నలుగును. పెడలు దూదివలె నేలకు దిగును. వరదలో నానిన బండికే కాదు, ఏ బండికైనను రెండేండ్ల కొకమారు బ్రేకు ఆయిలు పూర్తిగ మార్చి గాలి తీయింపవలెను. మూత తీసియుంచిన పాతడబ్బాలోని ఆయిలు పోయనీయకుడు.

ఇక ఖర్చు సంగతి. బండి కిస్తీ కట్టుకొను వానికి మంచి ప్యాడ్లు, కొత్త డిస్కులు అన్న మాట గుండెలో రాయి పడినట్లుండునని నాకు తెలియును. ఒక లెక్క చెప్పెదను. 60 కిలోమీటర్ల వేగమున, బ్రేకు మంచిదైనచో బండి 28 మీటర్లలో నిలుచును. పట్టు సడలిన బ్రేకుతో 46 మీటర్లు పట్టును. డ్రైవరు చూచి కాలు వేయులోపల పోవు 17 మీటర్లు రెండింటికిని సమానమే. తేడా 18 మీటర్లు. మన కూడలిలో రోడ్డు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు అడుగులతో కొలిచి చూడుడు. డబ్బు చాలనిచో పాటలపెట్టె, రంగులదీపములు, అద్దముమీది అక్షరములు ఆపి, ఇది చేయుడు. డిస్కు కొలతలో నిలిచినచో ప్యాడ్లు మాత్రమే మార్చుకొనుడు. అది లోభము కాదు, తెలివి.

సామాను అమర్చునపుడు మీరు దగ్గర నిలువవలెను. కొత్త డిస్కుమీద తుప్పుపట్టకుండ పూసిన నూనెను ముందు కడిగివేయవలెను, లేనిచో అది కొత్త ప్యాడునకు పట్టి రెండింటిని చెరుపును. హబ్బుమీది తుప్పును తీగబ్రష్షుతో గీకి నున్నచేయవలెను. అక్కడ ఇసుకరేణువంత మిగిలినను డిస్కు అంచున ఆ వంకర ఎన్నోరెట్లయి కనబడును. విప్పిన కాలిపరును రబ్బరు గొట్టముపై వ్రేలాడదీయక తీగతో కట్టవలెను. అన్నియు బిగించిన పిమ్మట, బండి కదలకమునుపే, పెడలు గట్టిపడువరకు నాలుగైదుమార్లు త్రొక్కవలెను. ఇది మరచి గ్యారేజీ గోడను గుద్దిన బండ్లు ఉన్నవి. తరువాత ఖాళీ రోడ్డుమీద 50 కిలోమీటర్ల వేగమునుండి 10కి, పూర్తిగ ఆపకుండ, మెల్లగా ఇరువది మార్లు తగ్గించుచు, నడుమ నడుమ చల్లారనిచ్చుచు పోనిండు. ప్యాడు పదార్థము సన్నని పొరగా డిస్కునకు పట్టుటకు ఇది అవసరము. వేడెక్కిన బ్రేకును త్రొక్కిపట్టి నిలిచినచో ఆ చోట మచ్చ పడును. మొదటి మూడు వందల కిలోమీటర్లు నిండు బరువు వేయకుడు. ఆ మూడు వందలు తిరిగిన నాడు చక్రపు నట్లు మరల ఒకమారు బిగింపించుడు.